2021 వరద మళ్ళీ నూరేళ్ళకు గానీ రాదా? నెల్లూరులో స్థలం కొనేముందు పాత వరద రికార్డులను ఎలా చదవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నెల్లూరులో పెన్న పొర్లుకట్టకు, అంటే వరద ఊళ్ళోకి రాకుండా నది వెంట పోసిన కట్టకు, ఊరివైపున్న ఒక కాలనీలో ఇంటి స్థలం చూశారు. 2021 నవంబరులో ఆ వీధిలోకి నీళ్ళు వచ్చాయని ఇరుగుపొరుగువారు చెప్పారు. అమ్మే ఆయన మాత్రం "అది నూరేళ్ళకోసారి వచ్చే వరద, మన కాలంలో మళ్ళీ రాదు" అంటున్నారు. పాత వరద రికార్డులు చూసి ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవచ్చా, కాలనీవాళ్ళంతా కలిసి ముంపు తగ్గించుకోవడానికి అవి పనికొస్తాయా అని మీ సందేహం.

తేల్చుకోవచ్చు. ఆయన చెప్పిన మాట తప్పు. ఒక వరద వచ్చి వెళ్ళినంత మాత్రాన తర్వాతి వరదకు గడువు పెరగదు. వరద ఏ సంవత్సరం వస్తుందో పాత రికార్డు చెప్పలేదు. నీరు ఎంత ఎత్తుకు వస్తుంది, ఏ దారిన వస్తుంది, ఏ నెలలో వస్తుంది అన్న మూడు సంగతులు మాత్రం చాలా బాగా చెబుతుంది. ఇల్లు కట్టుకునేవారికైనా, కాలనీ తరఫున అర్జీ పెట్టేవారికైనా కావలసినవి ఆ మూడే. నేను నీటిపారుదల శాఖలో ఉద్యోగమంతా పెన్న, గుండ్లకమ్మ పరీవాహకాల్లో గేజి రీడింగులు, వరద లెక్కల మధ్యే గడిపాను. విరమణ తర్వాత కాలనీ సంఘాలకు ఈ విషయంలో సాయం చేస్తున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ "నూరేళ్ళ వరద" సంగతి. ఏ ఒక్క సంవత్సరంలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్న వరదను ఇంజనీర్లు ఆ పేరుతో పిలుస్తారు. పోయిన ఏడాది వచ్చినా, ఈ ఏడాది అవకాశం మళ్ళీ నూటికి ఒకటే. మీరు ఆ ఇంట్లో 30 ఏళ్ళు ఉంటారనుకోండి. ఆ 30 ఏళ్ళలో కనీసం ఒక్కసారైనా ఆ స్థాయి వరద చూసే అవకాశం దాదాపు 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ. 50 ఏళ్ళు ఉంటే దాదాపు 40 శాతం. ఇంటి అప్పు తీరేలోపు ఇంత అవకాశమున్న ప్రమాదాన్ని "రాదు" అనడం కొనేవాళ్ళకు అన్యాయం చేయడమే.

అసలు 2021 నాటి వరద నూరేళ్ళదా, యాభై ఏళ్ళదా అన్నది కూడా లెక్కకు ఎన్నేళ్ళ రికార్డు తీసుకున్నామన్నదాని మీద ఆధారపడుతుంది. నలభై ఏళ్ళ రీడింగులే చేతిలో ఉంటే, వాటిలో పెద్దది మనకు నలభై ఏళ్ళకోసారి వచ్చేదిలా కనిపిస్తుంది. నెల్లూరుకు ఒక అదృష్టముంది. పెన్న మీద ఆనకట్ట 1850లలోనే కట్టడంతో అక్కడ నీటిమట్టం రాసిపెట్టే అలవాటు చాలా పాతది. కేంద్ర జల సంఘం జాబితాలో నెల్లూరు ఆనకట్ట దగ్గర అత్యధిక వరద మట్టంగా చాలాకాలం నిలిచింది 1882 నవంబరు 30 నాటి 18.70 మీటర్లు. అప్పటికి ఎగువన సోమశిల, గండికోట, మైలవరం జలాశయాలు ఏవీ లేవు. ఇటీవలి రీడింగులకు ఆ ఒక్క అంకెను చేర్చగానే మన కొలబద్ద నలభై ఏళ్ళ నుంచి నూట నలభై ఏళ్ళకు సాగుతుంది. "ఇంతకాలంలో ఇంత ఎత్తు ఎన్నిసార్లు దాటింది" అని అడగడానికి వీలవుతుంది.

అయితే 18.70 అన్న అంకెను తీసుకొచ్చి నేరుగా మీ గడప పక్కన పెట్టకండి. అది ఆనకట్ట దగ్గర, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. నది నీటి ఉపరితలం వాలుగా ఉంటుంది. ఎగువన మట్టం ఎక్కువ, దిగువకు పోయేకొద్దీ తక్కువ. మీ కాలనీ ఆనకట్టకు ఏ వైపు, ఎంత దూరంలో ఉందో చూసి ఆ వాలును సరిచేసుకోవాలి. మరో చిక్కు కూడా ఉంది. నాటి మట్టం, నేటి మట్టం ఒకటే అయినా పారిన నీరు ఒకటే కాకపోవచ్చు. ఈ మధ్యకాలంలో వంతెనలు వచ్చాయి, కట్టలు వచ్చాయి, ఇసుక తవ్వకంతో కొన్నిచోట్ల నదీగర్భం లోతైంది, మరికొన్నిచోట్ల ఏటి పోరంబోకు ఇళ్ళతో ఇరుకైంది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. అందుకే మట్టాల పట్టిక, ప్రవాహాల పట్టిక వేరువేరుగా ఉంచాలి. ఇంటికి కావలసింది మట్టం, జలాశయానికి, వంతెనకు కావలసింది ప్రవాహం.

ప్రవాహం లెక్కలు ఎవరైనా చూపిస్తే రెండు సంగతులు అడగండి. వరద రాని ఏళ్ళను లెక్కలో చేర్చారా? పెన్న చాలా ఏళ్ళు ఇసుక మేటలా పడి ఉండే నది. పొడి ఏళ్ళను తీసేసి, పారిన ఏళ్ళను మాత్రమే పేర్చితే పెద్ద వరద ఉన్నదానికన్నా తరచుగా వచ్చేదిగా కనిపిస్తుంది. సోమశిలకు ముందు, తర్వాత రీడింగులను కలిపేశారా? జలాశయం చిన్న, మధ్యరకం వరదలను పట్టి ఉంచుతుంది, పెద్దవాటిని పట్టలేదు. రెండు కాలాలనూ ఒకే వరుసలో పెడితే ఫలితం దేనికీ చెందదు.

"సోమశిల ఉంది కదా, అది ఆపుతుంది" అని చాలామంది నాతో అంటుంటారు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నెల్లూరు భద్రత గురించిన అపోహల్లో ఇదే పెద్దది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 2021 నవంబరులో సోమశిలకు వచ్చిన ప్రవాహం ఒక దశలో 5 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వేగం నిలిస్తే రోజుకు 43 టీఎంసీలు. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. అంటే జలాశయం అడుగంటా ఖాళీగా ఉన్నా రెండు రోజులు తిరగకముందే నిండిపోతుంది. ఇక నవంబరులో అది ఖాళీగా ఉండదు. డెల్టా రైతుకు ఆ నీళ్ళే ఆధారం కాబట్టి అప్పటికి నింపి ఉంచుతారు. పది టీఎంసీల ఖాళీ ఉందనుకుంటే అది ఆ వరదను ఆపగలిగేది ఐదారు గంటలు.

దానికి తోడు, పెన్నకు నీళ్ళు ఒకే చోట నుంచి రావు. నది నంది కొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు పారుతుంది. చిత్రావతి, పాపఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు దారిలో కలుస్తాయి. పైభాగమంతా కరువు నేల. అక్కడ వాన లేదని నిశ్చింతగా ఉన్న రోజే చెయ్యేరు పొంగవచ్చు. 2021లో జరిగింది అదే. శేషాచలం, పాలకొండల మీద కురిసిన వానకు నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట కూడా తెగింది. తెగిన కట్టల నీరు మామూలు వరదలా నెమ్మదిగా పెరగదు, ఒక్కసారిగా వచ్చి పడుతుంది. రెండు రోజుల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన మూసీ వరదలోనూ ఎగువ చెరువులు వరుసగా తెగడమే నష్టాన్ని పెంచింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యగారు పాత వాన లెక్కలు, వరద గుర్తులు పరిశీలించి సిఫారసు చేసినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. పాత రికార్డు చదివి ఊరిని కాపాడుకున్న ఉదాహరణ తెలుగు నేల మీద నూరేళ్ళ కిందటే ఉంది. ఆ పని నెల్లూరులో ఎందుకు కాకూడదని నా బాధ.

ఇక నెలల సంగతి. పాత తేదీలను వరుసగా పెట్టి చూడండి. 1882 నవంబరు. 1927 నవంబరు తుపాను నెల్లూరు తీరాన్ని దెబ్బతీసింది. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతంలో, 1989 నవంబరులో కావలి దగ్గర తుపానులు తీరం దాటాయి. 2015 నవంబరులో గూడూరు, నాయుడుపేట వైపు వానలు ముంచెత్తాయి. 2020 నవంబరులో నివర్ తుపాను, మరుసటి ఏడాది అదే నెలలో పెన్న వరద. 1979 మేలో ఒంగోలు దగ్గర తీరం దాటిన తుపాను లాంటి మినహాయింపులు ఉన్నా, మన జిల్లాల ప్రమాదం ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం వరకే. మరి మన ఊళ్ళలో కాలువల పూడిక ఎప్పుడు తీస్తారు? మే, జూన్ నెలల్లో, నైరుతి కోసం. సెప్టెంబరు చివరికి ఆ కాలువలు మళ్ళీ గుర్రపుడెక్కతో, ప్లాస్టిక్‌తో నిండిపోతాయి. సెప్టెంబరు 15 నుంచి 30 మధ్య రెండోసారి పూడిక తీయాలి అన్న ఒక్క కోరిక, ఈ తేదీల పట్టికను జతచేసి, మీ సంఘం తరఫున కార్పొరేషనుకు రాసి ఇవ్వండి. ఖర్చు తక్కువ, ఫలితం ఆ ఏడాదే కనిపిస్తుంది.

నీరు ఏ దారిన వస్తుందన్నది మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం. పొర్లుకట్ట వెనక ఉన్న కాలనీ మునగడానికి కట్ట తెగనక్కరలేదు. ఊళ్ళో పడిన వాన కాలువల గుండా కట్ట కింది తూముల నుంచి నదిలో కలవాలి. నది మట్టం ఆ తూము కన్నా పైకి వచ్చిందంటే రెండే జరుగుతాయి. తూముకు ఒకవైపే తెరుచుకునే తలుపు ఉండి, అది సరిగ్గా పడితే, ఊరి నీరు లోపలే నిలిచిపోతుంది. తలుపు లేకపోయినా, చెత్త ఇరుక్కుని మూసుకోకపోయినా, నది నీరే కాలువలో వెనక్కు తన్ని ఇళ్ళలోకి వస్తుంది. నేను చూసిన ఒక కాలనీలో జనమంతా కట్ట ఎత్తు పెంచమని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. పాత వరదల్లో నీరు మొదట ఏ వీధిలో కనిపించిందో పెద్దవాళ్ళను అడిగి పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే, అందరి వేళ్ళూ కట్టకు దూరంగా ఉన్న ఒక కల్వర్టు వైపే చూపించాయి. అక్కడి తూము తలుపు తుప్పుపట్టి సగం తెరుచుకుని ఉండిపోయింది. తలుపు మార్చి, పక్కన మోటారు పంపు పెట్టడానికి ఒక గుంట కట్టించుకున్నారు. తర్వాతి వానాకాలంలో నది పొంగినా ఆ వీధికి నీరు రాలేదు. కట్ట అంగుళం కూడా పెంచలేదు.

నెల్లూరు నగరంలో ఇంకో చిక్కు పంట కాలువలు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ లాంటివి పొలాలకు నీరు పారించడానికి తవ్వినవి. పొలాలకు నీరెక్కాలి కాబట్టి అవి మెరక మీదుగా పోతాయి. మురుగునీరు, వాననీరు పల్లానికి పోవాలి. ఊరు పెరిగి ఆ రెండు పనులూ ఒకే కాలువకు అప్పగించాం. అందుకే నదిలో నీళ్ళు లేని రోజున కూడా గట్టి వాన పడితే కొన్ని వీధులు, రైలు కింది దారులు చెరువులవుతాయి. ఒంగోలులో పోతురాజు కాలువ వెంట కూడా గట్టి వానకు ముంపు వస్తుంది. 2024లో విజయవాడను ముంచిన బుడమేరు కూడా కృష్ణతో పోలిస్తే చిన్న వాగే. పెద్ద నది రికార్డు ఒక్కటే చూసి, పక్కనున్న చిన్న వాగును మరిచిపోకండి.

మరి రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? నది మట్టాలు కేంద్ర జల సంఘం దగ్గర, జలాశయం రాకపోకలు జలవనరుల శాఖ దగ్గర, వాన లెక్కలు వాతావరణ శాఖ దగ్గర ఉంటాయి. సమాచార హక్కు కింద అడగవచ్చు. రైల్వేవాళ్ళు వంతెన స్తంభాల మీద అత్యధిక వరద మట్టాన్ని, సంవత్సరాన్ని రంగుతో రాస్తారు. అది కొన్ని దశాబ్దాల సాక్ష్యం, ఎవరైనా చూడవచ్చు. రెవెన్యూలో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), పాత ఆర్ఎస్ఆర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన రిజిస్టరు) తీసుకోండి. మీరు చూసిన స్థలం సర్వే నంబరు ఒకప్పుడు చెరువు శిఖమో (చెరువు నీరు నిలిచే నేల), వాగు పోరంబోకో, కలుజు (చెరువు అలుగు) కింది భూమో అయితే అక్కడే తెలిసిపోతుంది. నా అనుభవంలో, ఒంగోలు చుట్టుపక్కల మునిగిన లేఅవుట్లలో చాలావాటి కథ పాత గ్రామ పటంలో ఒక సన్నని గీతగా ఉండేది. చెరువుకు నీరు తెచ్చే వాగు అది. ప్లాట్ల పటంలో ఆ గీత ఉండేది కాదు. వానకు పటం మారిన సంగతి తెలియదు కదా, పాత దారినే వచ్చేది.

జాతీయ దూర సంవేదన కేంద్రం వరదల సమయంలో ఉపగ్రహ చిత్రాలతో ముంపు పటాలు తయారుచేస్తుంది. ఇస్రో వారి భువన్ పోర్టల్లో వరద ముంపు పొరలు చూడవచ్చు. రాడార్ ఉపగ్రహాలు మబ్బులు పట్టినా నేలను చూడగలవు కాబట్టి తుపాను రోజుల చిత్రాలు కూడా దొరుకుతాయి. అయితే ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న వీధుల్లో రాడార్ నీటిని సరిగ్గా పట్టలేదు. పొలాల మీద నమ్మండి, కాలనీ లోపల మాత్రం మనిషి చెప్పిన గుర్తునే నమ్మండి.

ఆ గుర్తులు సేకరించే పద్ధతి చెబుతాను, ఇది మీరే చేసుకోవచ్చు. గోడ మీది బురద గీతను ఇంటి లోపల చూడండి. బయట గోడల మీద వాహనాలు రేపిన అలలు, ప్రవాహపు ఉరవడి గీతను పైకి నెడతాయి. లోపలి గీత నిలకడగా ఉంటుంది. రంగులు వేసేసిన ఇళ్ళలో అల్మారా వెనక, కరెంటు మీటరు పెట్టె పక్కన, మెట్ల కింద వెతకండి. ఒక వీధికి మూడు ఇళ్ళు తక్కువ కాకుండా చూడండి. ఒక ఇంటివారు మోకాలి లోతు అని, పక్కింటివారు నడుం లోతు అని చెబితే ఎవరో అబద్ధం చెబుతున్నారని అనుకోకండి, రెండు ఇళ్ళ అరుగుల ఎత్తులో తేడా ఉంటుంది. అందుకే లోతు రాసుకోవద్దు, ఎత్తు రాసుకోండి. తాపీ మేస్త్రీలు లెవెలు చూడటానికి వాడే పారదర్శకమైన నీళ్ళ పైపుతో ఒక ఇంటి గీతను పక్కింటికి, అక్కడి నుంచి వీధి చివరి కల్వర్టు గోడకు తీసుకెళ్ళవచ్చు. తర్వాత ఒక సర్వేయరును పిలిచి, ఆ ఒక్క బిందువును దగ్గరున్న బెంచ్‌మార్కుతో, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిసిన సర్వే గుర్తుతో, ముడిపెట్టించండి. అప్పుడు వీధి వరదంతా సముద్రమట్టం నుంచి మీటర్లలోకి వస్తుంది, ఆనకట్ట దగ్గరి రీడింగుతో పోల్చడానికి వీలవుతుంది. ఆ రోజున ఆనకట్ట మట్టం ఎంత, మీ వీధి మట్టం ఎంత అన్న జంట ఒక్కటి దొరికినా చాలు. తర్వాతి వరదలో అధికారులు ఆనకట్ట మట్టం ప్రకటించగానే మీ వీధిలో ఎంత వస్తుందో ముందే అంచనా వేసుకోవచ్చు. 2020, 2021 రెండూ గుర్తున్నవాళ్ళు ఇంకా మీ చుట్టూ ఉన్నారు. రెండు జంటలు దొరికితే అంచనా ఇంకా గట్టిపడుతుంది. ఇళ్ళు పడగొట్టి కొత్తవి కడుతున్న వేగం చూస్తే, ఇంకో ఐదారేళ్ళలో ఆ గీతలు చాలావరకు పోతాయి. ఈ పని వెంటనే మొదలుపెట్టమని అందుకే గట్టిగా చెబుతున్నాను.

సమయం కూడా ఇలాగే పట్టుకోవచ్చు. సోమశిలలో గేట్లు పెంచిన గంట, మీ వీధిలోకి నీరొచ్చిన గంట, ఈ రెంటి మధ్య తేడాను పాత వరదల నుంచి తీసి రాసుకోండి. ముసలివాళ్ళను, మంచాన ఉన్నవాళ్ళను, పశువులను తరలించడానికి మీ చేతిలో ఉన్న సమయం అదే.

జలాశయం విషయంలో సంఘాలన్నీ కలిసి అడగదగిన కోరిక ఒకటుంది. తుపాను హెచ్చరిక రాగానే, ఊరికి నష్టం లేని ప్రవాహంతో ముందుగానే నీరు వదలడం. మూడు రోజులు లక్ష క్యూసెక్కులు వదిలితే దాదాపు 26 టీఎంసీలు. ఆ మూడు రోజుల్లో వచ్చే నీటిని అందులోంచి తీసేసినా మంచి ఖాళీ దొరుకుతుంది. రైతుల వైపు నుంచి కూడా ఆలోచించాలి. తుపాను దారి మళ్ళితే వదిలిన నీరు సముద్రం పాలవుతుంది, రబీకి దెబ్బ. అందుకే ఎంత హెచ్చరికకు ఎంత వదలాలన్నది పాత వరదల మీద పరీక్షించి, నియమంగా రాసి, ముందే ప్రకటించాలి. ఆ రాత్రి గేట్ల దగ్గరున్న ఇంజనీరు ఒక్కరి ధైర్యానికి వదిలేయకూడదు. నిబంధన కాగితం మీద లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవారి మీద ఎంత భారం పడుతుందో నాకు తెలుసు.

ఇక మీ స్థలం. భవన నిబంధనల ప్రకారం నదికి ఇంత దూరం వదిలామని అమ్మే ఆయన చూపిస్తారు. దూరం చట్టానికి సరిపోతుంది, వరద మాత్రం ఎత్తును బట్టి వస్తుంది. 2021లో ఆ వీధిలో నీటి ఎత్తు తేల్చి, దానిపైన కనీసం రెండడుగులు వదిలి ఇంటి నేల మట్టం పెట్టుకోగలిగితే, వీధిలోంచి బయటికి పోయే దారి కూడా మెరకగా ఉంటే, కొనడాన్ని ఆలోచించవచ్చు. కరెంటు బోర్డు, నీటి మోటారు, సెప్టిక్ ట్యాంకు మూత ఇవన్నీ ఆ మట్టానికి పైనే ఉండాలి. నేల అంత ఎత్తుకు లేపాలంటే పక్క ఇళ్ళకు నీరు మళ్ళించాల్సి వచ్చే స్థలమైతే వద్దు, ఆ గొడవ మీ పిల్లల దాకా వస్తుంది. సర్వే నంబరు వాగు పోరంబోకులోదో, చెరువు శిఖంలోదో అయితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

బయానా ఇచ్చే ముందు గ్రామ పటం నకలు, ఎఫ్ఎంబీ, వీధిలో మూడు ఇళ్ళ వరద గీతల ఎత్తు, దగ్గరలోని తూము తలుపు ఫోటో ఇక్కడ పెట్టండి. ఆనకట్ట మట్టంతో పోల్చి ఇంటి నేల ఎంత ఎత్తున ఉండాలో లెక్క వేసి చెబుతాను.